చీటీల్లో వెయ్యని బ్రాంచి

నన్ను కూలివాళ్ల ఇంట పుట్టించి, అక్షరం చేతికిచ్చి, ఆ అక్షరంతోనే అన్నం పెట్టి, చివరి పాఠం చెప్పేదాకా గొంతు పోకుండా కాపాడిన దేవునికి ముందుగా స్తోత్రం. మిరపకు ఎండ ఎంత కావాలో, పత్తి కాయ ఎప్పుడు పగలాలో ఎరిగిన సృష్టికర్త ఆయన. ఏ మనిషి ఏ పనికి తగునో ఆయనకు తెలియదని నేననుకోను. తెలియనిది మనకే. తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడేదీ మనమే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. రాయించేది కోపమే. ఆ కోపంలో నా అహం కలిసి ఉంటే ప్రభువు దాన్ని వేరు చేసి పారేయాలని ముందే అడిగి మొదలుపెట్టాను.

వేసవి బల్ల

గుంటూరు దాటాక హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వ్యవసాయ ఇంజనీరింగ్ చెప్పాను. దుక్కి యంత్రాలు, నూర్పిడి యంత్రాలు, పంట కోశాక ఆరబెట్టడం, గ్రేడింగ్ చెయ్యడం నా సబ్జెక్టులు. నేను ఎప్పుడు ప్రొఫెసర్నయ్యాను, ఎవరు నన్ను దాటి వెళ్లారు అనేవి ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ లాభం లేదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలకు ఎవరూ చెప్పని పని ఒకటుంది. ఎండాకాలం రాగానే కాలేజీ ముందు హాల్లో బల్లలు వేస్తారు. సీనియర్లను తలా ఒక కుర్చీలో కూర్చోబెడతారు. ఏ బ్రాంచి తీసుకోవాలో అడగడానికి జనం వస్తారు, మీరు చెప్పాలి. పాఠం తప్పు చెబితే మర్నాడు దిద్దుకోవచ్చు. ఆ బల్ల దగ్గర తప్పు చెబితే అవతలి మనిషి నాలుగేళ్లు దాన్ని మొయ్యాలి. నా అసలు ఉద్యోగం అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంటర్ కాగానే వచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లు నలుగురైదుగురు కలిసి వస్తారు, అందరూ ఒకటే బ్రాంచి రాస్తారు, వాళ్లకు బోలెడు కాలం ఉంటుంది. నేను మాట్లాడేది ఒకసారి చదువు మానేసి, కొన్నేళ్లు ఎక్కడో పని చేసి, మళ్లీ వచ్చేవాళ్ల గురించి. వాళ్లు ఒంటరిగా వస్తారు. హాల్లోకి అడుగుపెట్టగానే చుట్టూ చూస్తారు, తమ వయసువాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. వాళ్లకు మా కాలేజీలో ఒక పేరుండేది. 'గ్యాప్ కేసు'. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కేసు అంటే ఏమిటండీ, దొంగతనం చేసి వచ్చారా? గ్యాప్ అంటే ఏమిటి, ఆ ఏళ్లలో వాళ్లు ఊపిరి పీల్చలేదా? కష్టపడి బతికిన కాలాన్ని గొయ్యిగా లెక్కకట్టే హక్కు మనకెవరిచ్చారు?

డైరెక్టరు గారి ఆజ్ఞ

మా డైరెక్టరు చెడ్డవాడని అనను. పండక్కి అందరికీ స్వీట్లు పంచేవాడు, ఎవరింట్లో చావైనా ముందు వచ్చి నిలబడేవాడు. కానీ సీట్లు అనే మాట వచ్చేసరికి ఆయన కళ్లకు ఇంకేం కనపడేది కాదు. ఒక ఏడు మమ్మల్నందర్నీ పిలిచి చెప్పాడు.

"గ్యాప్ కేసులు ఎవరొచ్చినా కంప్యూటర్‌లో రాయించండి. కంప్యూటర్ నిండితే ఎలక్ట్రానిక్స్. వాళ్లు ఎదురు అడగరు. సీటు దొరకడమే మహాభాగ్యం అనుకుంటారు."

"వాళ్లు ఇంతకు ముందు ఏం చేశారో అడగొద్దా అండీ?" అన్నాను.

"అడిగితే కథలు చెబుతారు మాస్టారూ. కథలు వినడానికి మీకు జీతం ఇవ్వట్లేదు."

అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో పెద్ద డిగ్రీలున్న వాళ్లూ ఉన్నారు.

ఆ ఏడే వెంకట్రావు అనే అతను పక్క బల్లకు వెళ్లాడు. పొగాకు పొలాల వైపు నుంచి వచ్చాడు, కొన్నేళ్లు వరికోత మిషన్ నడిపాడు. అతన్ని ఎలక్ట్రానిక్స్‌లో రాయించారు. రెండో సెమిస్టర్‌కే మానేశాడు. సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు వరండాలో కనిపించాడు. "నాకు చదువు అచ్చిరాలేదు సార్" అని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. అతనికి చదువు అచ్చిరాకపోవడం కాదు. మనం అతన్ని ఓడించి, ఆ ఓటమి తనదేనని నమ్మించి పంపాం. ఒకసారి మానేసినవాడు రెండోసారి కూడా మానేస్తే మూడోసారి ఆ గడప తొక్కడు. మళ్లీ చదువుకొచ్చే వాళ్ల విషయంలో మీరు ముందు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

సలోమి

నేను రిటైర్ కావడానికి కొద్దికాలం ముందు ఒక వేసవిలో నా బల్ల దగ్గరికి సలోమి వచ్చింది. పాతికేళ్లు దాటిన పిల్ల. వెంట వాళ్ల మావయ్య ప్రకాశరావు గారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, వాళ్ల ఊరి సంఘంలో పెద్ద. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను ఆ పిల్లను అడిగితే ఆయన జవాబు చెప్పేవారు.

"ఇంతకు ముందు ఏం చదివావమ్మా?"

"కంప్యూటరే సార్" అన్నారు ఆయన. "మొదటి ఏడు మధ్యలో మా బావ పోయాడు. చదువాగిపోయింది. మళ్లీ ఎంట్రెన్స్ రాయించాను. ర్యాంకు ఫరవాలేదు. కంప్యూటర్ ఖాయం చెయ్యండి."

"ఆగినన్నాళ్లు ఏం చేశావు?" మళ్లీ ఆమెనే అడిగాను.

ఆయన నోరు తెరిచేలోపు సలోమి చెప్పేసింది. "మిర్చి తొడిమలు తీసే షెడ్డులో మేస్త్రిగా చేశాను సార్."

ప్రకాశరావు గారు గొంతు సవరించుకున్నారు. "అదేదో తాత్కాలికంగా..."

గుంటూరు వాళ్లకు ఆ షెడ్లు చెప్పక్కర్లేదు. బయటి వాళ్ల కోసం చెబుతాను. కోల్డ్ స్టోరేజీల పక్కన రేకుల షెడ్లుంటాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో వస్తారు. ఎండుమిర్చి కుప్పల ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుని కాయ కాయకూ తొడిమ తుంచుతారు. ఘాటెక్కువుండే తేజ రకమైతే చేతులు సాయంత్రానికి నిప్పులు పట్టుకున్నట్టుంటాయి. ఇంటికెళ్లి మజ్జిగలో ముంచుకుంటారు. ఏడుస్తున్న బిడ్డ కళ్లు తుడవడానికి కూడా ఆ చేతులు పనికిరావు. సలోమి తల్లి మరియమ్మ గారు ఆ పనే చేసేది. తండ్రి పోయాక కూతురు అదే షెడ్డులో ఆడవాళ్లను కూర్చోబెట్టే పనికి కుదిరింది.

"ఏం చదవాలని ఉందమ్మా?" అన్నాను.

"వ్యవసాయ ఇంజనీరింగ్ సార్."

"అదేం కోరిక!" అన్నారు ప్రకాశరావు గారు, నవ్వుతూనే. "మాస్టారూ, ఇది చిన్నపిల్ల మాట."

"చిన్నపిల్లనేం కాదు మావయ్యా" అంది. తర్వాత నాతో చెప్పింది. "అక్కడ ఒక మిషన్ తెచ్చారు సార్, తొడిమలు తీయడానికి. కాయ చిట్లిపోయి గింజలన్నీ కారిపోయాయి. చిట్లిన కాయకు రేటుండదని మూలన పడేశారు. మళ్లీ అమ్మవాళ్లనే కూర్చోబెట్టారు. అది ఎందుకు చిట్లుతుందో నాకు తెలుసుకోవాలని ఉంది. మొదటిసారి కంప్యూటర్ రాసింది అందరూ రాశారని. ఈసారి నాకంటూ ఒక ప్రశ్న ఉంది సార్."

ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర ఇంత స్పష్టమైన జవాబు నేను వినలేదు. మళ్లీ చదువుకొచ్చే మనిషికి ఉండే బలం అదే. కుర్రవాళ్లకు సిలబస్ ఉంటుంది. వీళ్లు ప్రశ్న వెంటబెట్టుకుని వస్తారు. ఆ ప్రశ్న ఏ బ్రాంచిలో ఉందో చూపించడమే మన పని.

ఆమె ప్రశ్న వ్యవసాయ ఇంజనీరింగ్‌లోనే ఉందని చెప్పాను. ప్రకాశరావు గారి ముఖం మారింది. "మాస్టారూ, మీరూ విశ్వాసులే అని విన్నాను. మీతో దాపరికమెందుకు? మా తాతలు కాపుల పొలాల్లో వంగి వంగి నడుములు పోగొట్టుకున్నారు. దేవుడు దయతలచి మమ్మల్ని అందులోంచి బయటికి తెచ్చాడు. బడి చూపించాడు. ఈ పిల్ల మళ్లీ పొలమంటుంది, షెడ్డంటుంది. వాళ్లమ్మకు ఇష్టం లేదు. నాకూ లేదు."

ఆ మాటలో నొప్పి నాకు తెలుసు. నాదీ అలాంటి ఇల్లే. అందుకే ఆయన మీద అప్పుడు కోపం రాలేదు. తర్వాత వచ్చింది.

కానుక సంచి

రెండు రోజులకు సలోమి ఫోన్ చేసింది. "సార్, ఆదివారం ఆరాధన అయ్యాక నా బ్రాంచికి చీటీలు వేస్తారంట. మీరు రాగలరా?"

మా ప్రాంతంలో కొన్ని సంఘాల్లో ఈ ఆచారం ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు చీటీలు తీసుకోవడం చాలా చోట్ల ఉన్నదే. అది పెరిగి పెరిగి, ఇంటికి శంకుస్థాపన ఏ నెలలో, అబ్బాయికి ఏ సంబంధం, పిల్లకు ఏ సీటు అనేదాకా వచ్చింది. చీటీలు రాసి కానుక సంచిలో వేస్తారు, ప్రార్థన చేస్తారు, పాస్టరు గారి భార్య ఒకటి తీస్తుంది. వచ్చింది ప్రభువు చిత్తం. ఇక మాట్లాడకూడదు.

ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. మందిరం చిన్నది, ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్కగా ఉంది. ఎడమవైపు ఆడవాళ్లు చాపల మీద, కుడివైపు మగవాళ్లు. పాస్టరు గారిది చిన్న వయసు. ఆరాధన బాగా నడిపించాడు. అది కాగానే ప్రకాశరావు గారు లేచి సంచి ముందుపెట్టారు. వాళ్లు అయ్యగారని పిలిచే ఆ పాస్టరు ప్రార్థించాడు. ఆయన భార్య చెయ్యి పెట్టి ఒక చీటీ తీసి చదివింది.

"కంప్యూటర్ సైన్స్."

"హల్లెలూయ!" అన్నారు మగవాళ్లు.

సలోమి లేచి నిలబడింది. "అయ్యగారూ, సంచిలో ఏమేం వేశారు?"

పాస్టరు ప్రకాశరావు గారి వైపు చూశాడు. ఆయన తడుముకోలేదు. "కంప్యూటర్, డేటా సైన్స్, ఎలక్ట్రానిక్స్. మూడూ మంచివే."

"నేను అడిగింది వెయ్యలేదా మావయ్యా?"

"కూర్చోమ్మా. దైవచిత్తం తేలిపోయింది."

నేను ఊరుకోలేకపోయాను. లేచాను. "అయ్యా, ఆ అమ్మాయి కోరింది సంచిలో లేకుండా ముందు మీరే తీసేశారు. మిగిలిన వాటిలోంచి తీసి దేవుడు చెప్పాడంటే ఎలాగండీ? ఇందులో దేవునికి మీరు వదిలిందేముంది?"

"మాస్టారూ, మీరు అతిథులు. అతిథుల్లాగా ఉండండి" అన్నారు ఆయన. తర్వాత సంఘం వైపు తిరిగి గట్టిగా చెప్పారు. "పొలం పని, షెడ్డు పని దేవుని సన్నిధిలో పెట్టదగిన కోరికలు కావు. ఆయన మనల్ని విడిపించింది వాటి నుంచే. అందుకే వెయ్యలేదు. నేనే వద్దన్నాను."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక దగ్గు వినిపించింది. మరియమ్మ గారు లేచింది. సన్నటి మనిషి. కొంగుతో నోరు తుడుచుకుంది.

"అన్నయ్యా, నువ్వు చదువుకున్నోడివి. నాకొక మాట చెప్పు. దేవుడి ముందు పెట్టగూడని పనా మేం చేసింది?"

"నేనన్నది అది కాదు మరియా..."

"అదే అన్నావు. అందరూ విన్నారు. ఆ షెడ్డులో కూర్చుని ఎన్ని పాటలు పాడుకున్నాం మేం, ఎన్ని ప్రార్థనలు చేసుకున్నాం. ఆయన విన్నాడనే అనుకున్నాను. ఆ కూలిలోంచి తెచ్చిన కానుక ఈ సంచిలోనే వేశాను. అప్పుడు వద్దనలేదే నువ్వు?"

చాపల మీది ఆడవాళ్లలో ఎవరో "బాగా అడిగింది" అన్నారు. ప్రకాశరావు గారు నుదురు తుడుచుకున్నారు.

పాస్టరు గారు నెమ్మదిగా అడిగాడు. "అయితే అమ్మా, మీకు ఇష్టమేనా, సలోమి అది చదవడం?"

"ఇష్టం లేదయ్యగారూ" అంది మరియమ్మ గారు. "నాకు కంప్యూటరే ఇష్టం. ఏసీ గదిలో కూర్చుంటుందని ఆశ. అది నా ఆశ. దానికి దేవుడి పేరు పెట్టొద్దంటున్నాను." కూతురు వైపు తిరిగింది. "నాలుగేళ్లు చదవాల్సింది నువ్వు. నోరు తెరిచి చెప్పు."

"వ్యవసాయ ఇంజనీరింగ్ అయ్యగారూ" అంది సలోమి.

మగవాళ్లలోంచి ఒకాయన నవ్వాడు. "బీటెక్ చదివి కూలికి పోతావా ఏందమ్మా?"

"ఇన్నాళ్లూ చదవకుండా పోయా గదా అన్నయ్యా. ఈసారి చదివి పోతా."

నవ్వులు మొదలై మందిరమంతా పాకాయి. పాస్టరు గారు సంచిలోంచి మిగిలిన చీటీలు తీసి పక్కన పెట్టేశాడు. సలోమిని ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఏ బ్రాంచి పేరూ ఎత్తలేదు, ఆమె పేరే ఎత్తాడు. ప్రకాశరావు గారు మాత్రం "రేపు ఉద్యోగం రాకపోతే నా గుమ్మం తొక్కొద్దు" అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

కొత్తగా ఆ కుర్చీలో కూర్చునే వాళ్లకు

చీటీలు వెయ్యడం పాపమని నేననను. ప్రభువు శిష్యులు, ఆ అపొస్తలులు కూడా తమలో ఖాళీ అయిన స్థానానికి ఒకణ్ణి ఎంచడానికి వేశారు. కానీ వాక్యం జాగ్రత్తగా చదవండి. వాళ్లు ముందు ఎవరిని నిలబెట్టారు? మొదటి నుంచి తమతో కలిసి నడిచిన వాళ్లను, కళ్లారా చూసిన వాళ్లను. ముందు నడిచిన బతుకును చూశారు, ఆ తర్వాతే చీటీ. మనం నడిచిన బతుకును తీసేసి చీటీ వేస్తున్నాం. మనుషులు చేసే ఎంపికకు ఆయన నామం తగిలించడం ఆ నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడమేనని నా నమ్మకం. వేదిక ఎక్కి ఎవరైనా నన్ను ఖండించవచ్చు.

మందిరంలోనే ఇలా జరుగుతుందని కూడా అనుకోకండి. మా డైరెక్టరు దగ్గర కానుక సంచి లేదు, మార్కెట్ ఉంది. "మార్కెట్ చెబుతోంది" అంటే అక్కడా ఎవరూ ఎదురు మాట్లాడరు. కోచింగ్ సెంటర్ల వాళ్లకు ప్యాకేజీ, బంధువులకు పరువు. అందరి సంచుల్లోనూ ముందే ఏరిన చీటీలే. మధ్యలో చదవాల్సిన మనిషిని అడిగేవాడు లేడు.

అందుకని, పిల్లలూ, చదువు మానేసి మళ్లీ వచ్చిన మనిషి మీ ముందు కూర్చుంటే ర్యాంకు తర్వాత చూడండి. ఇన్నాళ్లూ ఏం చేశారో అడగండి. అందులో ఏది అంతుబట్టలేదో, ఏది సరిగ్గా జరగడం లేదని కోపమొచ్చిందో అడగండి. జవాబు రావడానికి టైము పడుతుంది, వాళ్లు సిగ్గుపడతారు, వెంట వచ్చిన వాళ్లు అడ్డుపడతారు. వెంట వచ్చిన వాళ్లను టీ తాగి రమ్మనండి. కంప్యూటర్ కోరుకుంటే కంప్యూటరే ఇవ్వండి, ఆ బ్రాంచి మీద నాకు పగ లేదు. షాపులో లెక్కలు చూసిన అబ్బాయి ఒకడు ఆ లెక్కల వల్లే కంప్యూటర్ చదివి బాగుపడ్డాడు. వాడి ప్రశ్న అందులో ఉంది. సలోమి ప్రశ్న అందులో లేదు.

ఇంకొకటి. ఆ బ్రాంచిలో కష్టాలు దాచకండి. సలోమికి నేను అన్నీ చెప్పాను. ఉద్యోగాలు తక్కువ, క్యాంపస్‌కి కంపెనీలు పెద్దగా రావు, లెక్కలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, క్లాసులో అందరూ చిన్నవాళ్లే. విని, రాత్రి ఆలోచించుకుని, మర్నాడు అదే మొదటి ఆప్షన్‌గా పెట్టుకుంది. తెలిసి ఎంచుకున్న కష్టాన్ని మనిషి మోస్తాడు. ఎవరో నెత్తిన పెట్టినదాన్ని ఎక్కడ దించుదామా అని చూస్తాడు.

ఇప్పుడు

సలోమి ఇప్పుడు మూడో సంవత్సరం. చేరిన కొత్తలో పిల్లలు "ఆంటీ" అని పిలిస్తే "అక్కా అని చావండ్రా" అని తిట్టిందట. ఇప్పుడు వాళ్లందరికీ అక్కే. గణితం ఒక పేపరు తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. వర్క్‌షాపులో మిర్చి తొడిమలు తీసే ఒక చిన్న డ్రమ్ము చేసింది. కాయలు ఇంకా చిట్లుతూనే ఉన్నాయి. ముందుకంటే తక్కువ చిట్లుతున్నాయని ఆమె అంటుంది, నేను చూస్తే పెద్ద తేడా కనపడలేదు. చెప్పాను కూడా. "మీ కళ్లద్దాలు మార్చుకోండి సార్" అంది. మరియమ్మ గారు షెడ్డుకు వెళుతూనే ఉంది. మిర్చి ఘాటుకు పట్టుకున్న దగ్గు తగ్గలేదు.

ఈ మధ్య తెలిసిన సంగతి ఏమిటంటే, వచ్చే ఏడు నుంచి మా కాలేజీలో వ్యవసాయ ఇంజనీరింగ్‌లో కొత్తవాళ్లను చేర్చుకోరట. ఆ గదులు కంప్యూటర్ వాళ్లకిస్తారట. చుట్టూ కనుచూపు మేర మిరప, పత్తి. నడుమ ఉన్న కాలేజీలో వాటి గురించి చదువు చెప్పే గది లేదు! డైరెక్టరు గారికి ఫోన్ చేసి అడిగాను. "మీరు రిటైరయ్యారు మాస్టారూ, హాయిగా దేవుణ్ణి తలుచుకోండి" అన్నాడు. తలుచుకుంటూనే ఉన్నాను. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

సలోమి తన చదువు పూర్తిచేసుకుంటుంది, ఉన్నవాళ్లను పంపెయ్యరు. కానీ ఆమె వెనక ఎవరూ రారు. పోయిన వారం ఆమెను అడిగాను, నీ కోసం ఏమని ప్రార్థించనమ్మా అని. మార్కులంటుందని అనుకున్నాను.

"ఆ డ్రమ్ము పనిచేసేలోపు అమ్మ ఊపిరితిత్తులు పాడవకూడదని అడగండి సార్. మిగతాది నేను చూసుకుంటా" అంది.

చదివిన మీరు ఏ మతమైనా, ఏ బ్రాంచైనా, ఒక్క క్షణం నాతోపాటు తల వంచండి. ప్రభువా, ఆ తల్లి ఊపిరిని కాపాడు. ఆ పిల్ల చేతికి ఉపాయం ఇయ్యి, తొందరగా ఇయ్యి. షెడ్డులో గుడ్డ కట్టుకుని కూర్చున్న ప్రతి ఆడమనిషి పాటనూ నువ్వు విన్నావని మాకు చూపించు. గదులకు తాళాలు వేసేవాళ్ల మనసు మార్చు, మారకపోతే నాకు ఇంకొంచెం గొంతు ఇయ్యి. ఆమేన్ అనడం మీ వంతు. పైకే అనండి.